మాల్దీవుల ట్యూనా ప్లాంటులో ఉద్యోగం: ఆ చేపల వ్యాపారాన్ని నమ్ముకుని వెళ్లొచ్చా?

కాకినాడ_క్యూసీ
రొయ్యల ప్లాంటులో క్వాలిటీ కంట్రోల్‌లో ఆరేళ్లుగా చేస్తున్నాను. 2025 ఆగస్టులో అమెరికా వాడు మన సరుకు మీద 50 శాతం సుంకం వేసిన దగ్గర్నుంచి మా దగ్గర రెండు షిఫ్టులు ఒకటైపోయాయి. పీలింగ్ షెడ్డులో ఆడవాళ్లను వారానికి మూడు రోజులే రమ్మంటున్నారు. నా జీతం మీద ఇంకా చెయ్యి పడలేదు కానీ రేపో మాపో అన్నట్టుంది.

ఈలోపు ఒక కన్సల్టెన్సీ ద్వారా మాల్దీవుల నుంచి ఆఫర్ వచ్చింది. ట్యూనా ప్రాసెసింగ్ ప్లాంటు. రాజధాని మాలేలో కాదు, దక్షిణాన ఒక చిన్న దీవిలో. జీతం ఇప్పటిదానికి రెండున్నర రెట్లు, తిండీ గదీ వాళ్లవే. ఇంట్లో వాళ్ల టెన్షన్ అంతా చుట్టూ సముద్రమే అని. నా టెన్షన్ వేరు. మన ఒక్క జిల్లా జనాభా లేని దేశం, రిసార్టులు తప్ప ఇంకేం ఉన్నాయో నాకు తెలీదు. అక్కడ చేపల ఎగుమతి ఇంకా పెరిగే వ్యాపారమేనా, లేక రొయ్య మునిగిందని పోయి ఇంకో మునిగే పడవ ఎక్కుతున్నానా? ఓ ఐదేళ్లు నమ్ముకోవచ్చా?

సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. "అబ్బ, హనీమూన్ ప్లేసు" అనేవాళ్లు కాస్త పక్కకు జరగండి.

చింతపిక్క
అబ్బ, హనీమూన్ ప్లేసు.

భీమవరం_బుల్లోడు
వెళ్లొద్దు బ్రదర్. రొయ్యకు ఇలాంటి దెబ్బలు కొత్తా? 1990ల్లో రొయ్యకు తెల్లమచ్చ రోగం వచ్చినప్పుడు చెరువులు పూడ్చి వరి వేసుకున్నవాళ్లే తర్వాత మళ్లీ తవ్వుకున్నారు. 2025 సెప్టెంబరులో యూరప్ వాళ్లు మన ప్లాంట్లకు కొత్తగా 102 అనుమతులు ఇచ్చారు. అమెరికా కాకపోతే యూరప్, చైనా. ఏడాది ఓపిక పట్టు.

కాకినాడ_క్యూసీ
@భీమవరం_బుల్లోడు ఆ ఏడాది ఈఎంఐ మీరు కడతానంటే పడతాను అండీ.

మాలే_మాష్టారు
నేను తొమ్మిదేళ్లుగా ఇక్కడ లెక్కలు చెబుతున్నాను. మొదట మాలేలో, ఇప్పుడు ఉత్తరాన ఒక అటాల్‌లో, అంటే పగడపు దీవుల గుంపులో. మా క్లాసులో సగం మంది పిల్లల తండ్రులు పడవల మీదే ఉంటారు కాబట్టి కొంత చెప్పగలను.

ఇక్కడ డాలర్లు తెచ్చేది టూరిజమే. 2024లో 20 లక్షల మంది వచ్చారు. జీడీపీలో చేపల వాటా ఐదు శాతం చుట్టుపక్కలే. కానీ దేశం నుంచి ఓడలోనో విమానంలోనో ఎక్కి బయటికి పోయే సొంత సరుకేదయ్యా అంటే నూటికి 90 పైన చేపే. కొబ్బరికాయ కూడా లెక్కలోకి రాదు. రిసార్టు లేని దీవుల్లో ఇల్లు గడిచేది చేప మీదే. అందుకే ఏ ప్రభుత్వమొచ్చినా ఈ రంగాన్ని గాలికి వదిలెయ్యదు. అంతవరకు మీకు ధైర్యం చెప్పగలను.

పడతారు ఎలాగో కూడా తెలియాలి. ఇక్కడ ట్యూనాకు వల వెయ్యరు. తెల్లవారక ముందే దీపాలు పెట్టి చిన్న ఎర చేపల్ని పట్టి, పడవ అడుగున నీళ్ల తొట్టెలో బతికుండగానే ఉంచుకుంటారు. గుంపు కనిపించగానే ఆ ఎరను చల్లుతూ, పైపులతో నీళ్లు చిమ్ముతారు. కింద చేపకు అది చిన్నచేపల అలజడిలా ఉంటుంది. వెనక బల్ల మీద పదిమంది గెడకర్రలు పట్టుకుని వరసగా నిలబడి ఒక్కొక్కటే లాగి వెనక్కి విసురుతారు. గాలానికి ముల్లు ఉండదు, అందుకే చేప గాల్లోనే ఊడిపోతుంది. నేను ఒకసారి వెళ్లాను. పది నిమిషాల్లో పడవ నిండింది. తర్వాత మూడు గంటలు ఒక్కటీ లేదు, నాకు వాంతులు మాత్రం వచ్చాయి.

చింతపిక్క
మాష్టారు ఎర కూడా సప్లై చేశారన్నమాట.

ఓడ_సరంగు
మాష్టారు చెప్పింది బొమ్మలో బాగుంటుంది. నేను రీఫర్ ఓడల్లో, అంటే సరుకును చల్లగా ఉంచి మోసే ఓడల్లో, ఇంజన్ రూమ్‌లో పనిచేశాను, ఆ సరుకు ఎటు పోతుందో చెబుతాను. వాళ్లు పట్టేదాంట్లో పెద్ద భాగం స్కిప్‌జాక్ అనే చిన్న రకం ట్యూనా. రెండు మూడు కిలోల చేప. అది గడ్డకట్టించి బ్యాంకాక్ పోతుంది. అక్కడ థాయ్ ఫ్యాక్టరీల్లో ఉడికించి డబ్బాల్లో పెట్టి ప్రపంచమంతా అమ్ముకుంటారు. స్కిప్‌జాక్ టన్ను ఎంత అన్నది తేలేది బ్యాంకాక్‌లోనే, మాలేలో కాదు. బ్యాంకాక్‌లో రేటు పడితే వీళ్ల దీవుల్లో పెళ్లిళ్లు వాయిదా పడతాయి. ముడి చేప అమ్ముకునేవాడికి ఎదుగుదల ఎక్కడ? పత్తి అమ్ముకుని చొక్కా కొనుక్కునే బాపతు.

కాకినాడ_క్యూసీ
మరి అక్కడే డబ్బాల్లో పెట్టొచ్చుగా? డబ్బా ఫ్యాక్టరీలు ఉన్నాయని విన్నాను.

మాలే_మాష్టారు
ఉన్నాయి. లావియాని అటాల్‌లో ఫెలివరు అని ఒక దీవి ఉంది, 1970ల చివర్నుంచి అక్కడ క్యానింగ్ నడుస్తోంది. లాము అటాల్‌లో మాందూలో ఒకటి ఉంది. చెయ్యడం చేతకాక కాదు. అమ్మేచోట ఇబ్బంది.

సుంకం_సుబ్బారావు
అదిగో, నా శాఖ వచ్చింది. విశాఖ పోర్టులో 22 ఏళ్లుగా కస్టమ్స్ క్లియరింగ్ పని నాది. పేరు చూసి నవ్వొద్దు.

మాల్దీవులు 2011 జనవరి 1న అతి వెనుకబడిన దేశాల జాబితా నుంచి బయటికొచ్చింది. సునామీ వల్ల ఆలస్యమైంది గానీ లేకపోతే ఇంకా ముందే వచ్చేది. వినడానికి ప్రమోషన్ లాగే ఉంటుంది. కానీ ఆ జాబితాలో ఉన్నంతకాలం వాళ్ల చేపకు యూరప్‌లో సుంకం సున్నా. మూడేళ్లు గడువిచ్చి 2014 నుంచి మొత్తం పన్ను వేశారు. డబ్బా ట్యూనాకు 24 శాతం. తెల్లకార్డు పోయినవాడికి ఆరోగ్యశ్రీ కూడా పోయినట్టు.

ఇంకా తమాషా ఏంటంటే, యూరప్ ఫ్యాక్టరీల కోసం గడ్డకట్టించిన ముడి చేప పంపితే పన్ను లేదు. అదే చేపను నీ దేశంలో వండి, నీ మనుషులకు కూలి ఇచ్చి, డబ్బాలో పెట్టి పంపితే 24. పక్కనే ఉన్న సీషెల్స్, మారిషస్ డబ్బాలు మాత్రం ఒప్పందం ఉంది కాబట్టి సున్నాతో లోపలికి పోతాయి. అదే సముద్రం, అదే చేప. నువ్వు గెడకర్రతో ఒక్కొక్కటీ లాగాలి, వాళ్లకు యూరప్ ఓడలు వలతో ఒక్క దెబ్బకు పదుల టన్నులు తెచ్చి పోస్తాయి.

కాబట్టి తమ్ముడూ, ఆ ప్లాంటు క్యానింగ్ ప్లాంటు అయితే నేను వెళ్లమనను.

గోదారి_గట్టు
మరి పెద్ద చేప సంగతో? నాకు తెలిసి డబ్బు అంతా ఎల్లోఫిన్ అనే పెద్ద రకం ట్యూనాలో ఉంది.

పుడిమడక_పిల్లోడు
మా ఊళ్లో దాన్ని సూర అంటాం, కొందరు తూర అంటారు. మా నాన్న, చిన్నాన్న చేతి గాలంతో పట్టేవాళ్లు. 30, 40 కిలోల చేప పడిన రోజు ఇంట్లో పండగే అనుకుంటారు, కాదు. తెప్ప మీద ఐస్ ఎక్కడ పెడతాం? గోనెపట్టా తడిపి కప్పేవాళ్లు. ఒడ్డుకు వచ్చేసరికి కళ్లు పాలిపోయి ఉండేవి. బేరగాడు తోక దగ్గర చిన్న ముక్క కోసి రంగు చూసి, వంజరం రేటులో నాలుగోవంతు చెప్పేవాడు. మా అమ్మ అయితే ఇంట్లో సూర వండనిచ్చేదే కాదు, తింటే దద్దుర్లు వస్తాయని. తర్వాత ఫిషరీస్ చదివాక తెలిసింది, అమ్మ చెప్పింది హిస్టమైన్ అనే విషపదార్థం గురించేనని. చేప వెచ్చబడితే పుడుతుంది, ఒకసారి పుట్టాక వండినా పోదు, గడ్డకట్టించినా పోదు.

క్యూసీ అన్నకు నేను చెప్పేది ఇదే. రొయ్యలో మీరు యాంటీబయాటిక్ చూసి చూసి ఉంటారు. ట్యూనాలో ఉద్యోగమంతా హిస్టమైనే. యూరప్ లెక్కలో తొమ్మిది శాంపిళ్లు తీస్తారు. సగటు కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు, ఒక్కటి 200 దాటినా లాట్ మొత్తం పోయినట్టే. అదే చేప, అదే చేతి గాలం, మా నాన్న దగ్గర నాలుగోవంతు రేటు, మాల్దీవుల వాడి దగ్గర జర్మనీ హోటల్ రేటు. తేడా ఐస్ నీళ్ల తొట్టె ఒక్కటే. వాళ్లు చేపను లాగిన వెంటనే తలలో పొడిచి, రక్తం తీసి, మంచు నీళ్లలో ముంచేస్తారు.

కాకినాడ_క్యూసీ
@పుడిమడక_పిల్లోడు ఇది పనికొచ్చే మాట తమ్ముడూ. హిస్టమైన్ టెస్టు ఒకసారి ట్రైనింగ్‌లో చేశాను అంతే. చదువుకోవాలి.

భీమవరం_బుల్లోడు
తలలో పొడిచి, రక్తం తీసి... పొద్దున్నే టిఫిన్ టైములో చదివాను.

లండన్_లక్ష్మి
డబ్బాల గురించి ఒక మాట. ఇక్కడ సూపర్ మార్కెట్‌లో ట్యూనా డబ్బా మీద "పోల్ అండ్ లైన్" (గెడకర్ర, గాలంతో పట్టింది) అని పెద్ద అక్షరాలతో రాస్తారు. చిన్న అక్షరాల్లో హిందూ మహాసముద్రం అనీ, ఒక్కోసారి మాల్దీవులు అనీ ఉంటుంది. మావారు ఆ రాత చూసి కొంటారు, నేను ధర చూసి కొంటాను. ఇద్దరం ఒకే డబ్బా తెచ్చిన రోజులు తక్కువ. అంటే ఆ రాతకు విలువ కట్టేవాళ్లు ఉన్నారు. కానీ ఎంతవరకు? పక్క డబ్బా కన్నా పది ఇరవై పెన్నీలు ఎక్కువైతే పర్లేదు, అర పౌండు ఎక్కువైతే నాలాంటి వాళ్లు చేయి వెనక్కి తీసుకుంటారు.

సుంకం_సుబ్బారావు
సరిగ్గా చెప్పారమ్మా. ఆ ఎక్కువ ధర కాస్తా సుంకం మింగేస్తుంది. మంచితనానికి వచ్చిన బోనస్‌ను గేటు దగ్గరే ఊడబెరుకుతున్నారు.

మాలే_మాష్టారు
ఆ రాత ఊరికే రాలేదు. గెడతో పట్టే స్కిప్‌జాక్‌కు 2012లో ఎమ్మెస్సీ (మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) వాళ్ల సర్టిఫికెట్ వచ్చింది, అంటే సముద్రాన్ని ఖాళీ చెయ్యకుండా పట్టిన చేప అని. 2010లోనే సొరచేపల వేటను నిషేధించారు. సుబ్బారావు గారు సుంకం ఒక్కటే చూస్తున్నారు. ఆ రాత లేకపోతే ఈ పాటికి స్కిప్‌జాక్ మొత్తం బ్యాంకాక్ రేటుకే పోయేది.

ఓడ_సరంగు
ఇప్పుడు పోయేదీ ఎక్కువ భాగం దానికే కదా మాష్టారూ.

మాలే_మాష్టారు
ఒప్పుకుంటాను.

అంకెల_ఆంజనేయులు
అసలు ప్రశ్న "పెరుగుతుందా" అని. దానికి ఎవరూ సూటిగా చెప్పలేదు. పట్టే చేప పెరగదు. 2006లో వాళ్ల మొత్తం వేట లక్షా 80 వేల టన్నులు దాటింది. ఆ తర్వాత నాలుగేళ్లలో దాదాపు సగమైంది. మళ్లీ కోలుకుంది గానీ ఆ శిఖరం తిరిగి వస్తుందని నమ్ముకోలేం. సముద్రం వేడి, ఎర చేపల కొరత, డీజిల్ ఖర్చు, ఇవన్నీ పట్టి వెనక్కి లాగుతాయి.

పైగా చేప ఒక్క దేశానిది కాదు, ఈదుతుంది. సీషెల్స్‌లో విక్టోరియాలో హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ ఉంది. స్కిప్‌జాక్ ఎంత పట్టాలో లెక్క కట్టి పరిమితి పెట్టే పద్ధతిని 2016లో అక్కడ ప్రతిపాదించిందే మాల్దీవులు. 2024 నుంచి 2026 వరకు ఏడాదికి 6 లక్షల 28 వేల టన్నులు అని పరిమితి. అంతకుముందు మూడేళ్లకు 5 లక్షల 13 వేలు పెడితే దాన్ని అందరూ కలిసి దర్జాగా దాటారు.

దాటడానికి పెద్ద కారణం తేలే ఫాడ్లు. సముద్రంలో తెప్పలాంటిది వదిలి, దానికి శాటిలైట్ బోయా కట్టి, కింద చేప చేరాక వచ్చి వల చుట్టేస్తారు. పిల్ల ఎల్లోఫిన్లు కూడా అందులోనే పోతాయి. వాటి మీద ఏటా 72 రోజుల నిషేధం పెడదామని 2023 ఫిబ్రవరిలో మొంబాసాలో ఓటింగ్‌లో నెగ్గించారు. యూరప్‌తో సహా కొందరు అభ్యంతరం దాఖలు చేశారు, అది అక్కడికే అమల్లోకి రాకుండా పోయింది. మాల్దీవుల వాడు గెడ పట్టుకుని నీతిగా నిలబడితే చేప ఎవరి వలలోకి పోతోందో మీరే ఊహించండి.

గోదారి_గట్టు
యూరప్ లేబుల్ మీద గెడకర్ర బొమ్మ, ఓడ మీద వల. బాగుంది.

పుడిమడక_పిల్లోడు
@అంకెల_ఆంజనేయులు గారూ, ఎల్లోఫిన్ అయిపోతోందని మాకు కాలేజీలో చెప్పారు. 2015లో అతిగా వేటాడినట్టు ప్రకటించారు కదా?

అంకెల_ఆంజనేయులు
అవును. కానీ 2024 చివర్లో కొత్త అంచనా వచ్చింది. ఇప్పుడు ఆ ఎర్ర గీత దాటి బయటికొచ్చిందని తేల్చారు. క్యూసీ తమ్ముడికి ఇది ముఖ్యం. ఎల్లోఫిన్ మీద బతికే ప్లాంటుతో కొనేవాడు "మీ చేప అంతరించిపోతోందట కదా" అని బేరమాడే అవకాశం తగ్గింది.

కొచ్చి_కోటేశ్వర్రావు
నేను 2018 నుంచి 2021 దాకా మాలే దగ్గర తాజా చేపల ప్యాకింగ్ యూనిట్‌లో పనిచేశాను. పై పోస్టుల్లో ఒక విషయం ఎవరూ చెప్పలేదు. తాజా ఎల్లోఫిన్ యూరప్ పోయేది టూరిస్టుల విమానాల కడుపులో. పైన హనీమూన్ జంటలు, కింద థర్మోకోల్ పెట్టెల్లో లోయిన్లు, అంటే ఎముక తీసి కోసిన పెద్ద మాంసం ముక్కలు. ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్, రోమ్, లండన్. చేపను రాత్రి దించితే రెండో రోజుకి అక్కడి హోటల్ చేరిపోతుంది. ప్రత్యేకం కార్గో విమానం పెట్టుకుంటే ఆ కిరాయి చేప ఖరీదును మించుతుంది.

అందుకే 2020 మార్చి ఆఖర్లో దేశం తలుపులు మూసినప్పుడు మా పని ఒక్క వారంలో నిలిచిపోయింది. సముద్రం నిండా చేప ఉంది, పట్టేవాళ్లు ఉన్నారు, కొనేవాళ్లు కూడా ఫోన్లో ఉన్నారు. మోసుకెళ్లే విమానం లేదు. నేను మూడు నెలలు గదిలో కూచుని మస్‌హుని తిన్నాను. జులై మధ్యలో మళ్లీ తెరిచాక మెల్లగా లేచింది.

దీన్ని తిరగేసి చూడు. టూరిస్టులు 20 లక్షలు దాటారు, 2025 జులైలో మాలే విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ కూడా తెరిచారు. విమానాలు పెరిగే కొద్దీ కడుపులో చోటు పెరుగుతుంది. చేపల వ్యాపారం ఎదుగుతుందా అంటే నేను సముద్రం వైపు కాదు, విమానాశ్రయం వైపు చూస్తాను.

చింతపిక్క
చూశారా, మొదటి పోస్టులోనే హనీమూన్ ప్లేసు అని మర్మం చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

కాకినాడ_క్యూసీ
@చింతపిక్క క్షమించు సోదరా. @కొచ్చి_కోటేశ్వర్రావు గారూ, మస్‌హుని అంటే?

కొచ్చి_కోటేశ్వర్రావు
పొద్దున్న టిఫిన్. ట్యూనా, కొబ్బరి కోరు, ఉల్లి, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి చపాతీ లాంటి రోషితో తింటారు. మనకు మొదటి వారం ఇష్టం, రెండో నెల విసుగు, తిరిగొచ్చాక బెంగ. ఆవకాయ సీసా మర్చిపోకు.

గోదారి_గట్టు
ఎండబెట్టిన చేప కూడా పంపుతారు కదా? మా తాతగారు కొలంబోలో పనిచేసి వచ్చి, అక్కడ కూరలో చెక్కముక్కలాంటి చేప దంచి వేస్తారని చెప్పేవారు.

మాలే_మాష్టారు
హికిమస్ అది. ఉడికించి, పొగపెట్టి, ఎండబెడతారు. నిజంగానే చెక్కలా ఉంటుంది. శ్రీలంక వాళ్లు ఉంబలకడ అంటారు. ఒకప్పుడు ఈ దేశం ఎగుమతి అంటే అదే. 14వ శతాబ్దంలో ఇక్కడ ఖాజీగా ఉన్న మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా కూడా ఆ చేప ఇండియాకు, చైనాకు, యెమెన్‌కు పోతుందని రాశాడు. 1970ల మొదట్లో శ్రీలంక దగ్గర విదేశీ మారకం అయిపోయి కొనడం బాగా తగ్గించేసింది. ఒక్క కొనుగోలుదారుని నమ్ముకుంటే ఏమవుతుందో ఇక్కడి ముసలివాళ్లకు అప్పుడే తెలిసింది. ఆ దెబ్బకే గడ్డకట్టించిన చేప వైపు మళ్లారు, 1974 నుంచి పడవలకు ఇంజన్లు వచ్చాయి.

అంకెల_ఆంజనేయులు
చేపే కాదు, ఒకప్పుడు వాళ్లు డబ్బును కూడా ఎగుమతి చేశారు. బెంగాల్, ఒడిశాల్లో నాణేల్లా చెల్లిన గవ్వలు ఎక్కువగా ఆ దీవుల నుంచి వచ్చినవే. వాళ్లు గవ్వలు పంపి బియ్యం తెచ్చుకునేవారు.

చింతపిక్క
ఇప్పుడు డాలర్లు లేక చిల్లిగవ్వ కోసం చూస్తున్నారట.

మాలే_మాష్టారు
జోకు కాదు, అసలు కష్టం అక్కడే ఉంది. క్యూసీ గారూ, ఇది శ్రద్ధగా చదవండి. అధికారిక రేటులో డాలరుకు 15.42 రుఫియా. 2025లో బయట కొనాలంటే 18 నుంచి 20. జీతం రుఫియాల్లో ఇచ్చారంటే ఇంటికి పంపడం మీ చావు. నేను మొన్నటిదాకా ఇక్కడి బ్యాంకు ద్వారా నెలకు 400 డాలర్లు పంపేవాణ్ని. 2025 అక్టోబరు ఆఖరు నుంచి 150కి కుదించారు. మిగతాది ఎలా పంపుతున్నానో ఇక్కడ రాయను. మా పక్కింటి పడవ యజమాని అయితే చేప అమ్మిన డబ్బు కోసం నెలల తరబడి తిరిగాడు. కొన్నవాళ్లకూ ఇరుకే.

జీతం ఎంత అన్నది రెండో ప్రశ్న. ఏ డబ్బులో, ఏ దేశంలో ఉన్న ఖాతాలో వేస్తారు అన్నది మొదటిది.

సుంకం_సుబ్బారావు
మాష్టారు ఈసారి నన్ను మించిపోయారు. అయితే ఒకటి. ఎగుమతి చేసే కంపెనీకి డాలర్లే వస్తాయి. కాబట్టి రిసార్టు తర్వాత డాలర్లలో జీతం అడగగలిగే చోటు చేపల ప్లాంటే. గట్టిగా అడుగు.

భీమవరం_బుల్లోడు
ఇన్ని కష్టాలుంటే ఇంకా వెళ్లమంటారేంటి మీరంతా? 24 శాతం సుంకం, వల ఓడలు, విమానం, డాలర్ల కరువు. మన దగ్గర ఒక్క ట్రంప్ ఉన్నాడు అంతేగా.

గోదారి_గట్టు
చైనా సంగతి ఎవరూ అనలేదు. మాల్దీవులు వాళ్లతో 2017లో సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం 2025 జనవరి నుంచి అమల్లోకొచ్చింది. మాల్దీవుల చేపకు చైనాలో సుంకం లేదు. అంత పెద్ద బజారు తెరుచుకుంటే యూరప్ 24 ఎవడికి కావాలి?

సుంకం_సుబ్బారావు
చైనా వాడు ట్యూనా డబ్బా కొని తినే మనిషి కాదయ్యా, తనే ట్యూనా పట్టి ప్రపంచానికి అమ్ముతున్నాడు. సుంకం తీసేస్తే తలుపు తెరిచినట్టే, లోపల తినేవాడు కూడా ఉండాలిగా. మాల్దీవుల వాళ్లు మనతో కూడా 2025 జులైలో ఒప్పందం చర్చలు మొదలుపెట్టారు. మోదీ వెళ్లినప్పుడు ఫిషరీస్ మీద ఒక అవగాహన పత్రం కూడా రాసుకున్నారు. కానీ మనవాళ్లు ట్యూనా ఎంత తింటారో పుడిమడక తమ్ముడి అమ్మగారిని అడగండి.

పుడిమడక_పిల్లోడు
అమ్మ ఇప్పటికీ తినదు.

లండన్_లక్ష్మి
మా అత్తగారూ తినరు. ఇక్కడ డబ్బా తెరిస్తే వంటింట్లోంచి వెళ్లిపోతారు. నాకు మాత్రం ఉల్లికారం వేసి వేపుడు చేస్తే పులస గుర్తొస్తుంది.

గోదారి_గట్టు
లక్ష్మి గారూ, ఆ మాట మళ్లీ అనకండి. పులసతో పోల్చారని తెలిస్తే యానాంలో మీ మీద కేసు వేస్తారు.

కొచ్చి_కోటేశ్వర్రావు
నా లెక్క చెబుతాను, తర్వాత మీ ఇష్టం. టన్నులు పెరగవు, ఆంజనేయులు గారు చెప్పింది నిజం. ఒక్కో చేప మీద వచ్చేది పెరగొచ్చు. మేం 40 కిలోల చేప కోస్తే సగం లోయిన్ వచ్చేది. తల, ఎముక, నల్లమాంసం చాలావరకు చవగ్గా పోయేది. ఆ సగాన్ని కూడా డబ్బు చేసుకోగలిగినవాడు బాగుపడతాడు. పడవ మీద ఐస్ ఉంటే "ఏ" గ్రేడు చేప "బీ" గ్రేడుకు దిగజారకుండా ఉంటుంది. నేనున్నప్పుడు ఒక పడవ ఆరు రోజులు సముద్రంలో ఉండి వచ్చి, ఐస్ అయిపోయిందని చెప్పకుండా చేప దించింది. లాట్ ఫెయిలైంది. ఆ ఒక్క రాత్రి నష్టం నా ఏడాది జీతం కన్నా ఎక్కువ. అప్పట్నుంచి క్యూసీవాణ్ని జెట్టీ మీదే నిలబెట్టారు, చేప పడవ దిగకముందే థర్మామీటరు గుచ్చడానికి. అంటే అక్కడ ఎదుగుదల ఏదైనా ఉంటే అది నీ చేతిలో ఉన్న ఆ థర్మామీటరు చుట్టూనే ఉంది. నువ్వెళ్లేది ఏం చేసే ప్లాంటో ముందు కనుక్కో. స్కిప్‌జాక్ గడ్డకట్టించి బ్యాంకాక్ పంపేదైతే వాళ్లకు నీ అవసరం తక్కువ. లోయిన్ కోసి విమానం ఎక్కించేదైతే నువ్వు లేకపోతే గడవదు.

ఓడ_సరంగు
దక్షిణ దీవి అన్నాడు కదా. అక్కడి నుంచి మాలేకు తాజా చేప రావాలంటే మళ్లీ పడవో చిన్న విమానమో. నాకైతే అది ఫ్రీజింగ్ ప్లాంటే అనిపిస్తోంది.

కాకినాడ_క్యూసీ
రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. మీరు చెప్పిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వీడియో కాల్‌లో అడిగాను. కన్సల్టెన్సీ వాడు మధ్యలో రెండుసార్లు "ఇవన్నీ ఎందుకు సార్" అన్నాడు, ప్లాంటు మేనేజరు మాత్రం నవ్వి జవాబు చెప్పాడు.

సరంగు గారు సగం కరెక్టు. ఇప్పటిదాకా స్కిప్‌జాక్ ఫ్రీజింగ్ మాత్రమే. ఎల్లోఫిన్ లోయిన్లు కోసి గడ్డకట్టించే లైను కొత్తగా పెడుతున్నారు, నన్ను తీసుకునేది దానికే. తాజాది కాదు, ఓడలో పోతుంది. హిస్టమైన్ టెస్టు కిట్లు ఉన్నాయట గానీ చేసేవాడు మానేసి వెళ్లాడు. ఎందుకు మానేశాడని అడిగితే "డాలర్ల వల్ల" అన్నాడు, దాచలేదు. జీతంలో 70 శాతం డాలర్లలో నేరుగా నా ఇండియా ఖాతాలో, మిగతాది అక్కడి ఖర్చుకు రుఫియాల్లో. ఇది కాంట్రాక్టులో రాసిస్తేనే వస్తానన్నాను. నిన్న రాసి పంపారు.

ఐదేళ్లు అనుకోవడం లేదు. ఏడాదికి సంతకం చేశాను. జనవరి 6న ఫ్లైటు.

మాలే_మాష్టారు
మాలేలో దిగాక ఫోన్ చెయ్యండి. తర్వాత ఫెర్రీ టైమింగులు నేను చెబుతాను, వెబ్‌సైట్‌ను నమ్మొద్దు.

పుడిమడక_పిల్లోడు
అన్నా, వాళ్లు పడవ మీద ఐస్ నీళ్ల తొట్టె ఎలా కట్టుకున్నారో ఫొటోలు తీసి పెట్టు. ఫైబర్ మందం, మూత, ఎంత ఐస్‌కు ఎంత నీళ్లు, అన్నీ. మా చిన్నాన్నకు చూపించాలి.

కాకినాడ_క్యూసీ
తప్పకుండా తమ్ముడూ. మొదటి పని అదే.

చింతపిక్క
వచ్చేటప్పుడు హికిమస్ ఒక కిలో. గవ్వల్లో చెల్లిస్తాను.

భీమవరం_బుల్లోడు
క్యూసీ బ్రదర్, మా బావమరిది కూడా రొయ్యల ప్లాంటులో క్యూసీయే, నిన్నటి నుంచి ఇంట్లోనే ఉంటున్నాడు. అక్కడ ఇంకో ఖాళీ ఏమైనా ఉందేమో కనుక్కుంటావా?